ఆ రాత్రి నేను కడుపు నొప్పి అన్నాను

నాకు 14 ఏళ్లప్పుడు ఒక రోజు రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చింది. ఎడమ బీజాన్ని ఎవరో పట్టుకుని మెలిపెడుతున్నట్టు నొప్పి. ఈ పోలిక తర్వాత ఆలోచించి పెట్టింది కాదు, ఆ చీకట్లో నాకు తోచిందే అది. లోపల నిజంగానే మెలి పడిందని అప్పటికి తెలియదు. మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని పడుకున్నాను. కాసేపటికి వాంతి అయ్యింది. ఆ చప్పుడుకి అమ్మ లేచి వచ్చి "ఏమైందిరా?" అంది.

"కడుపు నొప్పమ్మా" అన్నాను.

అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. పొత్తికడుపులోనూ నొప్పి ఉంది. కానీ ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. ఆ చోటు పేరు అమ్మ ముందు చెప్పడానికి నోరు రాలేదు. అసలు ఏ మాట వాడాలో కూడా తెలియదు. సైన్స్ పుస్తకంలో వృషణం అని ఉంటుంది, దాన్ని ఇంట్లో ఎవరూ పలకరు. స్నేహితుల మధ్య వాడే మాట అమ్మతో అనలేం. ఈ రెంటికీ మధ్య మామూలు మాట ఒకటి మా ఇంట్లో లేదు. అందుకని కడుపు నొప్పి అన్నాను.

పొద్దున డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన "ఎక్కడ నొప్పి బాబూ?" అంటే బొడ్డు కింద చెయ్యి పెట్టి చూపించాను. ఆయన అక్కడే నొక్కి చూశారు. నేను చూపించని చోటు ఆయనెలా చూస్తారు? ఇంజెక్షన్ చేసి పంపించారు. మధ్యాహ్నానికి కాళ్లు ఎడంగా పెట్టి నడుస్తున్నాను. అది నాన్న కంటపడింది. గదిలోకి తీసుకెళ్లి, తలుపు వేసి, "కింద ఏమైనా ఉందా?" అని మెల్లగా అడిగారు. అప్పుడు ఏడుపొచ్చింది. నాడా వదులు చేసి చూపించాను. ఎడమ వైపు ఎర్రగా కమిలి వాచిపోయి ఉంది, బీజం మామూలుగా ఉండే చోటు కంటే పైకి ఎక్కి అడ్డంగా ఉంది. నాన్న ఇంకేమీ మాట్లాడలేదు, చొక్కా వేసుకున్నారు.

సర్జన్ దగ్గరికి చేరేసరికి సాయంత్రం ఆరు. అంటే 16 గంటలు.

ఆయన ముందుగా నా పొట్ట ముట్టుకోలేదు. తొడ లోపలి వైపు పెన్ను మొండి భాగంతో మెల్లగా గీశారు. కుడి తొడ మీద గీస్తే కుడి బీజం చటుక్కున పైకి కదిలింది. ఎడమ తొడ మీద గీశారు. కదల్లేదు. ఇంకోసారి గీశారు. నేను ఆయన ముఖం వైపే చూస్తున్నాను. ఆయన పెన్ను జేబులో పెట్టుకుని, నేను చివరిసారి నీళ్లు ఎప్పుడు తాగానో అమ్మని అడిగారు. గంటలోపే ఆపరేషన్. లోపల బీజం నల్లబడిపోయి ఉందట, మెలి విప్పినా రంగు తిరిగి రాలేదట. తీసేశారు. కుడి వైపు దాన్ని మళ్లీ అలా కాకుండా లోపల కుట్లు వేసి కదలకుండా చేశారు.

మూడో రోజు ఆయన నా మంచం మీద కూర్చుని కాగితం మీద గంట బొమ్మ గీశారు. మామూలుగా బీజం సంచి లోపలి గోడకి వెనక వైపు అతుక్కుని ఉంటుంది. కొంతమందికి పుట్టుకతోనే ఆ పట్టు ఉండదు, గంటలో నాలుకలాగా వేలాడుతూ ఉంటుంది. అలాంటప్పుడు అది తిరిగితే, దాన్ని పట్టి ఉంచే తాడు మెలి పడుతుంది. ఆ తాడులోనే రక్తనాళాలు ఉంటాయి. తడిబట్ట పిండినట్టు నాళాలు నొక్కుకుపోయి రక్తం ఆగిపోతుంది. దీన్నే డాక్టర్లు టార్షన్ అంటారు. ఎక్కువగా 12 నుంచి 18 ఏళ్ల మధ్య అబ్బాయిలకు వస్తుంది, కానీ పసిపిల్లల్లోనూ, 30 దాటిన మగవాళ్లలోనూ వచ్చే అవకాశం లేకపోలేదు. ఆటలో దెబ్బ తగిలాక రావచ్చు, ఏ కారణం లేకుండా నిద్రలోనూ రావచ్చు. గంటలాగా వేలాడే ఈ లోపం సాధారణంగా రెండు వైపులా ఉంటుంది కాబట్టి రెండో దాన్ని కూడా కుట్టేస్తారు.

నాన్న అడిగారు, "ఎప్పటిలోగా తీసుకొచ్చి ఉంటే దక్కేది డాక్టర్ గారూ?"

"ఆరు గంటల్లోపు వస్తే చాలామందికి దక్కుతుంది. పన్నెండు దాటితే అవకాశం బాగా తగ్గిపోతుంది."

నాన్న వేళ్లు లెక్కపెట్టడం నాకు కనిపించింది. రాత్రి రెండు నుంచి పొద్దున ఎనిమిది. పొద్దున ఎనిమిదికి నేను ఇంట్లో మంచం మీదే ఉన్నాను.

ఆ రోజు కూడా నాన్నకి చెప్పని సంగతి ఒకటి ఉంది. అంతకు ముందు కొన్ని నెలల్లో రెండుసార్లు అదే చోట ఇలాంటి నొప్పే వచ్చింది. పది పదిహేను నిమిషాలు ఉండి, వచ్చినంత హఠాత్తుగా పోయింది. పోయింది కదా అని ఊరుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, మెలి పడి దానంతట అదే విడిపోవడం కూడా ఉంటుందని, అలా వచ్చి పోయిన నొప్పిని ముందే చూపిస్తే తీరిగ్గా రెండు కుట్లు వేసి రెండింటినీ కాపాడతారని. ఈ ఒక్క ముక్క నాకు అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ఒకటి పోయినా రెండోది ఆరోగ్యంగా ఉంటే చాలు. హార్మోన్ సరిపోతుంది, పిల్లలూ పుడతారు. నాకు ఒక కొడుకు ఉన్నాడు. ఈ మాట ఆపరేషన్ అయిన అబ్బాయికి వెంటనే చెప్పాలి. నాకు చెప్పారు, కానీ 14 ఏళ్లవాడికి అది చెవికెక్కాలంటే ఒకసారి చెబితే చాలదు.

తర్వాత 25 ఏళ్లు ఏ గొడవా లేదు. 39 ఏట ఒక సాయంత్రం ఆఫీసులో కూర్చుని ఉండగా కుడి వైపు సలుపు మొదలైంది. అంటే నాకు మిగిలిన దానిలో. ఈసారి నొప్పి మెలిపెట్టినట్టు లేదు. పుండు మీద చెయ్యి వేసినట్టు ఉంది, కూర్చున్న తీరు మారిస్తే కాస్త తగ్గుతోంది. కానీ నాకు టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. ఇంటికి వెళ్లి మా ఆవిడతో "కుడి బీజం నొప్పిగా ఉంది" అన్నాను. సరిగ్గా ఆ మాటలే. తను ఎందుకు, ఏమిటి అనలేదు, బండి తాళాలు తీసుకుంది. 40 నిమిషాల్లో ఎమర్జెన్సీలో ఉన్నాం.

డ్యూటీ డాక్టర్ చిన్నమ్మాయి. పాతికేళ్లు దాటి ఎక్కువ ఉండవు. నాకు సిగ్గనిపించే లోపే ఆమే అడగడం మొదలుపెట్టింది. హఠాత్తుగా వచ్చిందా, మెల్లగా పెరిగిందా? వాంతులు ఉన్నాయా? జ్వరం? మూత్రం మంటగా ఉందా? అప్పుడు గుర్తొచ్చింది, రెండు రోజులుగా మంట ఉంది, నీళ్లు తక్కువ తాగడం వల్ల అనుకుని వదిలేశాను. తర్వాత, భార్య కాకుండా ఇంకెవరితోనైనా సంబంధం ఉందా, కొత్తగా ఏమైనా ఉందా అని అడిగింది. గొంతులో ఏ మార్పూ లేకుండా, బీపీ ఉందా అని అడిగినట్టే అడిగింది. అలా అడిగితే జవాబు చెప్పడం కూడా తేలికయింది.

డాప్లర్ స్కానింగ్ చేశారు. కాళ్ల మధ్య మడిచిన తువ్వాలు పెట్టి, దాని మీద ఎత్తుగా ఉంచి, చల్లటి జెల్ రాసి, చిన్న ప్రోబ్ ఆనించారు. తెర నా వైపు కూడా కనిపిస్తోంది. బూడిద రంగులో గుండ్రటి ఆకారం. ఇంకేమీ లేదు. స్కాన్ చేస్తున్న డాక్టర్ ఏదో బటన్ నొక్కారు. ఆ బూడిద రంగు మీద ఎరుపు, నీలం చుక్కలు మిణుకుమన్నాయి, గుండె కొట్టుకునే లయలోనే వెలిగి ఆరుతూ. బీజం వెనక వైపు అయితే చుక్కలు కాదు, మంటే. "రక్తం బాగా పోతోందండీ, మామూలు కంటే ఎక్కువే పోతోంది" అన్నారు. అప్పటిదాకా బిగపట్టిన ఊపిరి అప్పుడు వదిలాను. టార్షన్ అయితే ఆ రంగులు తగ్గిపోతాయి, లేదా ఉండనే ఉండవు.

నాకు వచ్చింది ఎపిడిడిమైటిస్. బీజం వెనక వైపు చుట్ట చుట్టుకున్న సన్నటి గొట్టం ఉంటుంది, వీర్యకణాలు పక్వమయ్యేది అందులోనే. దానికి ఇన్ఫెక్షన్ వస్తే వాచి, ముట్టుకోనివ్వదు. పెద్దవాళ్లలో ఈ రకం నొప్పికి అన్నిటికంటే సామాన్యమైన కారణం ఇదే. ఒక రోజో రెండు మూడు రోజులో మెల్లగా పెరుగుతుంది, మూత్రంలో మంట, జ్వరం తోడు రావచ్చు. వయసులో ఉన్నవాళ్లకి, సుమారు 35 లోపు, ఎక్కువగా క్లమిడియా, గనేరియా లాంటి సుఖవ్యాధుల నుంచి వస్తుంది. ఆ పై వయసులో మూత్రనాళంలోని బాక్టీరియా అక్కడికి పాకడం ఎక్కువ, ప్రోస్టేట్ పెరిగి మూత్రం పూర్తిగా ఖాళీ కానివాళ్లకి మరీనూ. ఏ బాక్టీరియా అన్నదాన్ని బట్టి మందు మారుతుంది. అందుకే ఆమె ఆ ప్రశ్న అడిగింది. అక్కడ దాచితే తప్పు మందు పడుతుంది. సుఖవ్యాధి అయితే భాగస్వామికి కూడా వైద్యం జరగాలి, ఇద్దరి మందులూ పూర్తయ్యే దాకా దూరంగా ఉండాలి.

నాకు మూత్రం కల్చర్‌కి పంపి, పది రోజులు యాంటీబయాటిక్ ఇచ్చారు. పడుకున్నప్పుడు కింద చిన్న తువ్వాలు మడిచి ఎత్తుగా పెట్టుకోమన్నారు, నడిచేటప్పుడు బిగుతైన లోదుస్తులు వేసుకోమన్నారు, ఐస్ అయితే గుడ్డలో చుట్టి పది నిమిషాలకు మించి పెట్టొద్దన్నారు. మూడో రోజుకి నొప్పి సగమైంది. వెనక వైపు గట్టి గడ్డలాంటి వాపు మాత్రం కొన్ని వారాలు ఉండిపోయింది. అది మామూలేనట. కానీ మందులు పూర్తయ్యాక కూడా తగ్గకుండా ఉంటే మళ్లీ స్కాన్ చేయించి తీరాలని గట్టిగా చెప్పారు, ఇన్ఫెక్షన్ అనుకున్న వాపు వెనక వేరే గడ్డ దాగి ఉండొచ్చు కాబట్టి.

ఆ పది రోజుల్లో ఒక కాగితం మీద ప్రశ్నలన్నీ రాసుకుని, రెండోసారి వెళ్లినప్పుడు యూరాలజిస్ట్ గారి ముందు పెట్టాను. ఆయన ఓపిగ్గా చెప్పారు. నన్ను అన్నిటికంటే కదిలించింది నా చిన్ననాటి కడుపు నొప్పి గురించి ఆయన చెప్పిన మాట. తల్లి కడుపులో పిండంగా ఉన్నప్పుడు బీజాలు తయారయ్యేది కిందెక్కడో కాదు, పొట్టలో, మూత్రపిండాల దగ్గర. అక్కడి నుంచి మెల్లగా కిందికి దిగుతాయి, దిగేటప్పుడు తమ రక్తనాళాలనీ నరాలనీ వెంట తెచ్చుకుంటాయి. అందుకే బీజానికి దెబ్బ తగిలితే పొట్టలో నొప్పి పుడుతుంది, వికారం వస్తుంది. నేను అమ్మతో చెప్పింది నా శరీరం చెప్పిన మాటే, అయితే సగం మాట. అదే దారిలో వెనక్కి కూడా వస్తుంది: కిడ్నీ నుంచి రాయి జారుతుంటే నడుము పక్కన మొదలైన నొప్పి గజ్జల్లోకి, బీజంలోకి దిగుతుంది. అప్పుడు బీజాన్ని ముట్టుకుంటే మాత్రం ఏమీ ఉండదు, అది బాగానే ఉంటుంది.

సాయంత్రానికి బరువుగా లాగినట్టుండి, పడుకుంటే తగ్గే నొప్పి అయితే వేరికోసిల్ కావచ్చు. బీజం పైన సిరలు ఉబ్బి, తడిమితే వానపాముల ముద్దలా తగులుతుంది. దాదాపు ఎప్పుడూ ఎడమ వైపే. కుడి వైపు ఒక్కదానికే కొత్తగా వచ్చినా, పడుకున్నా తగ్గకపోయినా పొట్ట స్కాన్ చేసి చూడాలట. వరిబీజం, అంటే చుట్టూ నీరు చేరడం, నొప్పి కంటే బరువే ఎక్కువ. గజ్జల్లో హెర్నియా దిగితే దగ్గినప్పుడు ఉబ్బుతుంది, పడుకుంటే లోపలికి పోతుంది. అది లోపలికి పోకుండా గట్టిపడి, నొప్పి, వాంతులు మొదలైతే పేగు ఇరుక్కున్నట్టు, ఆలస్యం చేయకూడదు. గవదబిళ్ళలు వచ్చిన కుర్రాడికి దవడ వాచిన నాలుగైదు రోజుల నుంచి వారంలోపు బీజం వాచవచ్చు. యుక్తవయసు మొదలయ్యాక వస్తేనే ఈ బెడద, చిన్నప్పటి టీకా దీన్ని చాలావరకు ఆపుతుంది. ఏడెనిమిదేళ్ల నుంచి 14 దాకా పిల్లలకి బీజం పైన ఉండే చిన్న తోకలాంటి ముక్క మెలిపడవచ్చు. చర్మం కింద నీలం చుక్కలా కనిపించవచ్చు, దానంతటదే తగ్గుతుంది. అయితే అది ఇదేనని ఇంట్లో తేల్చకూడదు. షుగర్ ఉన్నవాళ్లకి అక్కడి చర్మం ఎర్రబడి, గంటల్లో పాకుతూ, నల్లబడుతూ ఉంటే, జ్వరంతో మనిషి నీరసించిపోతుంటే, అది ప్రాణానికే ముప్పు.

క్యాన్సర్ గురించి కాగితంలో ఆఖరున రాశాను, అడగడానికి భయపడి. ఆయన చెప్పింది ఇది. బీజం క్యాన్సర్ సాధారణంగా నొప్పి పెట్టదు. నొప్పి లేని గట్టి గడ్డ, లేదా ఒకటి బరువెక్కినట్టు ఉండటం, కొందరికి కొద్దిగా సలుపు. ముసలివాళ్ల జబ్బు కాదు, 15 నుంచి 40 లోపు వాళ్లలోనే ఎక్కువ. చిన్నప్పుడు బీజం కిందికి దిగనివాళ్లకి ముప్పు ఎక్కువ. త్వరగా పట్టుకుంటే దాదాపు అందరికీ నయమవుతుంది. నెలకోసారి వేడినీళ్ల స్నానం తర్వాత, చర్మం వదులుగా ఉన్నప్పుడు, ఒక్కోదాన్ని బొటనవేలికీ మిగతా వేళ్లకీ మధ్య మెల్లగా దొర్లించి చూసుకోమన్నారు. వెనక వైపు మెత్తటి తాడులా తగిలేది మామూలే. ఒకటి కిందికి, ఒకటి పైకి ఉండటం కూడా మామూలే. నాకు తేడా చూసుకోవడానికి రెండోది లేదు కాబట్టి నెలనెలా దాన్నే దానితో పోల్చుకుంటాను.

ఇప్పుడు ఎప్పుడు వెళ్లాలి అన్నది. నొప్పి హఠాత్తుగా, గట్టిగా వస్తే, అది రాత్రి రెండయినా సరే, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. వాంతి ఉంటే, ఒకటి పైకి ఎక్కినట్టు ఉంటే, ఇంకా వేగంగా. దారిలో ఏమీ తినొద్దు, తాగొద్దు, ఆపరేషన్ అవసరం పడొచ్చు. దెబ్బ తగిలిన నొప్పి అయితే సాధారణంగా గంటలోపు తగ్గుముఖం పడుతుంది, తగ్గకపోతే, వాపు పెరుగుతుంటే దెబ్బ మీద నెపం పెట్టి ఆగొద్దు. నొప్పి వచ్చి దానంతటదే పోయినా అదే రోజు చూపించండి. మెల్లగా మొదలై జ్వరం, మూత్రం మంట ఉన్నా అదే రోజు. ఊరికే సలుపు అయితే రెండు మూడు రోజుల్లో, గడ్డ తగిలితే నొప్పి ఉన్నా లేకపోయినా ఆ వారంలో. ఇన్ఫెక్షనా, మెలికా అని ఇంట్లో కూర్చుని తేల్చుకోవడానికి మాత్రం ప్రయత్నించొద్దు. నాకే తేడా తెలుసనుకున్నాను, అయినా స్కాన్‌లో ఆ ఎర్ర చుక్కలు కనిపించేదాకా నమ్మకం కుదరలేదు. ఆరు గంటలు దాటిపోయాయి కదా, ఇంకేం లాభం అని కూడా ఆగొద్దు. మెలి సగమే పడి ఉంటే ఆలస్యంగా కూడా దక్కినవాళ్లు ఉన్నారు.

అమ్మలు ఎవరైనా చదువుతుంటే, అబ్బాయి కడుపు నొప్పి అన్నప్పుడు "కింద కూడా ఉందా? బీజాల్లో నొప్పి ఉందా?" అని పేరు పెట్టి అడగండి. వాడు చెప్పేదాకా ఆగొద్దు. డాక్టర్‌ని కూడా ఒకసారి అక్కడ చూడమని మీరే అడగండి.

మావాడికి ఇప్పుడు 12. పోయిన నెల ఒక రాత్రి వాడి మంచం మీద కూర్చుని, కాగితం మీద గంట బొమ్మ గీశాను. బీజం అన్న మాట మూడు నాలుగుసార్లు కావాలనే పలికాను, వాడి చెవికి అలవాటు కావాలని. వాడు మొదట దుప్పటి కేసి చూస్తూ విన్నాడు. తర్వాత బొమ్మ చేతిలోకి తీసుకున్నాడు.

"అంటే నీకు ఒకటే ఉందా నాన్నా?"

"ఒకటే."

"మరి నానమ్మకి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గేసిందిరా. ఏమని చెప్పాలో తెలియలేదు."

కాసేపు ఆలోచించాడు. "నాకు వస్తే రాత్రి లేపొచ్చా?"

"ఎన్ని గంటలకైనా లేపు."

ఆ రాత్రి నుంచి మా గది తలుపుకి లోపల గడియ పెట్టడం లేదు.